బస్రా ముత్యం

మా దాదాజాన్ పత్తర్‌గట్టి దగ్గర ఒక ఇరుకు గదిలో కూర్చుండి ముత్యాలకు రంధ్రాలు చేసేవారు, హారాలు కూర్చేవారు. పాత హారం ఏదైనా చేతికి వచ్చినప్పుడు, “బస్రా ముత్యం, బేటా!” అని మాకు చూపేవారు. అవి బస్రా నగరంలోనే పుట్టినవని మేము చాలాకాలం నమ్మినాము. చరిత్ర చదివిన తరువాత తెలిసినది, బస్రా అనునది బజారు పెట్టిన పేరు మాత్రమేనని. వానిలో అనేకం బహ్రెయిన్ ద్వీపాల చుట్టునున్న సముద్రగర్భంలో పుట్టినవని.

ఆ ద్వీపమే ప్రాచీనుల దిల్మున్. సుమారు నాలుగు వేల యేండ్ల నాటి ఊర్ నగరపు మట్టిపలకలలో దిల్మున్ సరకుల నడుమ ‘చేపకన్నులు’ అను మాట కనబడుతుంది. అవి ముత్యాలేనని కొందరు పండితుల అభిప్రాయం. 1950లలో డెన్మార్కు పురాతత్త్వజ్ఞులు ఖలాత్ అల్ బహ్రెయిన్ దిబ్బను త్రవ్వగా, ఒక భవనపు నేల క్రింద పాముల ఎముకలున్న మట్టిపాత్రలు బయల్పడినవి. కొన్నింటిలో చిన్న పూసలు, ముత్యమూ లభించినవి.

ఇంత ప్రాచీనమైన వృత్తి మనిషిని ఎట్లు చూచినది? వేసవి రాగానే పడవలు కదిలేవి. నీట మునిగేవానిని గైస్ అని, పైనుండి త్రాడు లాగేవానిని సైబ్ అని పిలిచేవారు. గైస్ ముక్కుకు పట్టుకర్ర బిగించి, పాదానికి రాయి కట్టుకొని దిగేవాడు. ఊపిరి నిలిచిన ఆ నిమిషంలోనే చిప్పలను బుట్టకు ఎత్తేవాడు. దినమంతా ఇదే పని. అతనికి ముందుగా ఇచ్చిన బయానా ఋతువు ముగిసినా తీరేది కాదు. తండ్రి మరణిస్తే ఆ ఋణం కుమారుని మీద పడేది. 1920లలో సంస్కరణలు వచ్చేవరకు ఈ బంధం సడలలేదు.

ఆపై జపాను పెంపకపు ముత్యాలు, 1929 నాటి ఆర్థికమాంద్యం ఆ వ్యాపారాన్ని కూల్చినవి. 1932లో అక్కడ చమురు పడినది. 2012లో యునెస్కో ముహర్రక్ పట్టణంలోని 17 కట్టడాలను, మూడు ముత్యపుచిప్పల తావులను ప్రపంచ వారసత్వంగా గుర్తించినది. వానిలో వర్తకుల మేడలతోపాటు ఒక గైస్ నివసించిన చిన్న ఇల్లు కూడ ఉండుట మాకు మిక్కిలి సంతృప్తి కలిగించినది.

1980లలో మా తండ్రిగారు అదే ద్వీపానికి కూలికి వెళ్ళినారు. వీసాకై చేసిన అప్పు తీరుటకు రెండేండ్ల జీతం సరిపోయినది. గైస్ కథ చదువుతున్నప్పుడు ఆనాటి ఉత్తరాలే మాకు జ్ఞాపకం వచ్చినవి.

దాదాజాన్ వాడిన బరమా నేటికీ మా ఇంట ఉన్నది. ముత్యం మాత్రం ఒక్కటీ లేదు.