థైరాయిడ్ తీసివేసిన తరువాత కాల్షియం సంగతి

నా మెడమీది గాటు చూసినవారందరూ శస్త్రచికిత్స ఎలా జరిగిందని అడుగుతున్నారు. అది బాగానే జరిగింది. నన్ను కష్టపెట్టినది ఆ తరువాతి సంగతి. హోసూరు ప్రాంతపు మన బడులలో మరికొందరికి ఈ చికిత్స జరుగవలసి ఉన్నదని తెలిసి వ్రాస్తున్నాను.

థైరాయిడ్‌ను మన పాఠ్యపుస్తకాలు అవటు గ్రంథి అంటాయి. దాని వెనుక బియ్యపుగింజంతేసి గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. అవి పార్శ్వ అవటు గ్రంథులు. మనుషులలో వీటిని 1880లో వర్ణించినవాడు స్వీడన్ దేశస్థుడు ఇవార్ సాండ్‌స్ట్రోమ్. రక్తంలో కాల్షియంను నిలకడగా ఉంచడం వీటి పని. థైరాయిడ్‌ను పూర్తిగా తీసేటప్పుడు ఎంత జాగ్రత్త వహించినా వీటికి రక్తప్రసరణ తగ్గవచ్చు. అప్పుడవి కొన్నాళ్లు పని మానుకుంటాయి.

రెండవనాటి సాయంత్రం పెదవుల చుట్టూ చీమలు పాకినట్లయింది. పిదప వేళ్ల కొనలు తిమ్మిరెక్కాయి. రాత్రికి కుడిచేతి వేళ్లు బిగుసుకొని, బొటనవేలు అరచేతిలోకి వంగిపోయింది. సుమారు 8.5కు తగ్గకూడని కాల్షియం 7.1 ఉన్నది. నరానికి కాల్షియం గ్లూకోనేట్ మెల్లగా ఎక్కించిన మీదట వేళ్లు విచ్చుకున్నాయి. సుద్దముక్క పట్టి బతికే పంతులమ్మకు చేయి స్వాధీనం తప్పితే ఎంత భయమో చెప్పలేను. (ఆ సుద్దముక్కలు కూడా చాలావరకు కాల్షియం సల్ఫేటే!)

ఇంటికి వచ్చాక వేళలు పాటించడమే పెద్ద పని. థైరాక్సిన్ మాత్ర తెల్లవారగానే పరగడుపున వేసుకోవాలి. కాల్షియం మాత్రకు, దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకుంటే థైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం కార్బొనేట్ భోజనంతో తీసుకుంటేనే బాగా పడుతుంది. కనుక నా మాత్ర మధ్యాహ్న భోజనపు గంటతో ముడిపడింది. దీనికి తోడు కాల్సిట్రియాల్. డి విటమిన్‌ను మూత్రపిండాలు చురుకైన రూపానికి మార్చాలంటే ఆ చిన్న గ్రంథుల హార్మోను కావాలి. అది కొరవడినప్పుడు సిద్ధమైన రూపాన్నే ఇస్తారు.

"రాగిముద్ద తింటే పోదా తల్లీ, ఇన్ని మాత్రలెందుకు?" అన్నది మా మేనత్త. రాగులంటే నాకూ ప్రీతియే. నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాని దానిని పేగులు బాగా గ్రహించడానికే చురుకైన డి విటమిన్ కావాలి గదా! ముద్ద తినండి, మాత్ర మానకండి. సొంతంగా పెంచుకుంటూనూ పోకండి. కాల్షియం మితిమీరితే మూత్రపిండాలకు చేటు. తిమ్మిరి తిరిగి వస్తే ఏమి చేయాలో ఆసుపత్రి నుండి వచ్చేనాడే వైద్యుని అడిగి కాగితంమీద వ్రాయించుకోండి. చేతులు బిగుసుకున్నా, గొంతు పట్టేసినట్లున్నా, మూర్ఛ వచ్చినా తెల్లవారేదాకా ఆగరాదు.

చాలామందిలో ఈ గ్రంథులు కొన్ని వారాలలోనో నెలలలోనో కోలుకుంటాయి. కొద్దిమందికి మాత్రలు జీవితాంతం తప్పవు. నాకు నాలుగవ నెలలో కాల్సిట్రియాల్ ఆపారు. భోజనపు గంట మాత్ర ఇంకా ఉన్నది, వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష.