సరుగుడు కొమ్మ కింద పాఠం

డిసెంబరులో సెమిస్టర్ ముగిసే ఏడు బి.ఇడి. కాలేజీలో రెండు పనులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఒకపక్క పాఠ్య పథకాలు, పరిశీలన రికార్డు, కేస్ స్టడీ, చార్టులు, ఆపైన వైవా. ఇంకోపక్క పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టాలి, క్రిస్మస్ చెట్టు కోసం సముద్రపు వొడ్డు తోటల నుంచి సరుగుడు కొమ్మ తేవాలి, నాటిక రిహార్సల్ చెయ్యాలి. శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి వైపు బి.ఇడి. చదువులు 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిధిలోవి. గుంటూరులో లూథరన్లు, కేథలిక్కులు నడిపే ట్రైనింగ్ కాలేజీల్లో క్రిస్మస్‌కు ఉండే హంగు ఇక్కడ ఉండకపోవచ్చు. అయినా ఎక్కడైనా ఈ రెండు పనులూ పోటీ పడితే పెద్దలు చెప్పే మాట ఒకటే, ముందు రికార్డులు పూర్తి చెయ్యండి, నాటకాలు తర్వాత అని. నేను దీన్ని ఒప్పుకోను. ఛాత్రోపాధ్యాయులకు ఆ వారంలో దొరికే అసలైన బోధనాభ్యాసం ఆ నాటికలోనే ఉంది. కారణం భాష.

రికార్డు చదివేది ఎగ్జామినరు. కాబట్టి అందులో భాష కూడా ఆయన కోసమే ఉంటుంది. విద్యార్థులు మూత్రపిండాల నిర్మాణాన్నీ విధులనూ వివరించగలుగుతారని ఒక గడిలో రాస్తారు. ప్రేరణ అన్న గడిలో రెండు ప్రశ్నలు వేసి, పిల్లలు చెప్పబోయే జవాబులు కూడా ముందే రాసి పెడతారు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానం పిల్లలకు మూత్రపిండాలు కొత్త సంగతా? కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు మాట వినకుండా పెరిగిన పిల్లలు అరుదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది. తాతకు క్రియాటినిన్ ఎంత వచ్చిందో, డయాలసిస్‌కు వారంలో ఎన్ని రోజులు పోవాలో చెప్పగల పిల్ల బడి బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల జ్ఞానమంతా ‘మా తాతకి కాళ్లు పొంగిపోనాయి, వొంటేలు రావట్నేదు’ అన్న మాటలో ఉంది. విసర్జన పాఠం అక్కణ్నుంచి మొదలవ్వాలి. రికార్డులో ఆ మాటకు గడి లేదు. లెక్కలదీ అదే తీరు. ఎనభై కిలోల జీడిపిక్కల బస్తా, అందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా దిగే పప్పు, కిలోకింత అని అమ్మ తెచ్చే కూలి, వీటన్నిటితో కాశీబుగ్గ ఇళ్లలో నిష్పత్తీ శాతమూ రోజూ నడుస్తూనే ఉన్నాయి. పాఠ్య పథకంలో మాత్రం యాపిల్ పళ్లే లెక్కపెడతారు.

నాటిక సంగతి వేరు. దానికి మార్కులు వేసేవాళ్లు ఉండరు, ఎదురుగా చాప మీద కూర్చున్న పిల్లలుంటారు, వెనక వాళ్ల తల్లులుంటారు. యేసు పుట్టిన కథలో సత్రం యజమాని పాత్రే తీసుకోండి. అతనికున్నది ఒకటో రెండో మాటలు. ‘సత్రమందు స్థలము లేదు’ అంటే పిల్లలు బుద్ధిగా వింటారు, అంతే. అదే మనిషి తలుపు సగం తెరిచి ‘గది నేదు బావూ, అందరూ వొచ్చీసినారు. అదిగో, పసువుల సాలలో తొంగోండి’ అంటే ముందు వరసలో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నిండు గర్భిణిని ఈ చలిలో అక్కడికి పొమ్మంటాడా అన్న కోపం వాళ్ల కళ్లలో కనిపిస్తుంది. మాట చేరిందో లేదో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. చేరకపోతే మర్నాటి రిహార్సల్లో మాట మార్చుకోవచ్చు. చెప్పడం, ఎదుటివాళ్ల మొహం చదవడం, చెప్పే తీరు దిద్దుకోవడం, బోధనాభ్యాసమంటే ఈ మూడే. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలు బి.ఇడి.ని రెండేళ్లు చేసి ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ పెట్టింది కూడా ఇందుకే.

ఇది ఈ నేలకు కొత్త ఆలోచన కాదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెస్‌గ్రాంజస్ వస్తూనే తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి దిగారు. అవతలివాళ్ల భాషలోకి పోకుండా ఏ మాటా చేరదని వాళ్లకు తెలుసు. ఆ తర్వాతి తెలుగు బైబిలు గ్రాంథికంలో స్థిరపడిపోయి, ఇప్పటికీ చాలా చర్చిల్లో అలాగే చదువుతున్నారన్నది వేరే కథ. అవతలివాళ్ల భాషలోకి ఎలా పోవాలన్నదానికి పూర్తి సమాధానం ఇచ్చినవాడు గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, టెక్కలికి చేరువలోనే ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులు అయ్యాడు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నాడు, నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. వ్యావహారిక భాషా వాదం ఆయనకు పండితుల సభలోకంటే ముందు తరగతి గదిలో పుట్టిందని నా నమ్మకం. అలాంటి పంతులు తిరిగిన చోట ఉపాధ్యాయ శిక్షణ ఎగ్జామినరు భాషలో ఆగిపోవడం బాధ కలిగిస్తుంది.

పరీక్షల ముందు ఇదంతా కాలహరణం అనేవాళ్లున్నారు. ఒకరి రికార్డు చూసి పదిమంది ఎక్కించుకునే రాత్రులకంటే రోజుకొక గంట రిహార్సల్ కాలహరణం అవుతుందా? మతం గురించిన అభ్యంతరం బరువైనది. ఉపాధ్యాయ శిక్షణలో ఒక మతం పండుగ ఎందుకని అడగడం న్యాయమే. మైనారిటీలు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. ప్రభుత్వ గుర్తింపో, నిధులో ఉన్న సంస్థల్లో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధలోనో ఆరాధనలోనో కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతోంది. రెండూ పాటించాలి. ఆరాధనకు రానివాళ్లకు హాజరు తగ్గించడం తప్పు, నాటికలో వేషం వెయ్యనని చెప్పినవాళ్లను చిన్నచూపు చూడడం ఇంకా తప్పు. నా వాదం విశ్వాసం మీద నిలబడింది కాదు. మరో మూడు వారాల్లో సంక్రాంతి వస్తుంది, అదే పిల్లల ముందు అదే పని చెయ్యవచ్చు. సెమిస్టర్ చివర పిల్లల ముందు నిలబడే సందర్భం ఈ కాలేజీల్లో క్రిస్మస్ రూపంలో వచ్చింది కాబట్టి దాని గురించి మాట్లాడుతున్నాను.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం మరొకటి. స్టేజీ మీద శ్రీకాకుళం మాట వినిపిస్తే జనం నవ్వుతారు. సినిమా వాళ్లు దశాబ్దాలుగా ఈ యాసను పనిమనుషులకూ అమాయకులకూ అంటగట్టి మనకు ఆ నవ్వు అలవాటు చేశారు. క్రిస్మస్ నాటికలోనూ అదే జరుగుతుంది. గొల్లలు మాత్రం ‘ఏటి, ఎలగ’ అంటారు, జ్ఞానులూ మరియమ్మా దేవదూతా పుస్తకం మాట్లాడతారు. పై మాట పైవాళ్లది, మన మాట కిందివాళ్లది అని పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుపోతారు. ఇలా వేసే నాటిక రికార్డుకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది, ఒప్పుకుంటాను. అందుకని యాసను స్టేజీ దించెయ్యడం పరిష్కారం కాదు, దాన్ని అందరికీ ఇవ్వాలి. తూర్పు జ్ఞానులు ఇచ్ఛాపురం పెద్దమనుషుల్లా మాట్లాడాలి. మరియమ్మ పాత్ర వేసిన అమ్మాయి ‘గుంటడు సలికి వొణుకుతన్నాడు, ఆ గుడ్డ ఇలగియ్యి’ అని తన అమ్మ గొంతుతోనే అనాలి. అప్పుడు ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఉద్దానంలో ఆ మాట అనని తల్లి లేదు. అన్నిటికంటే కష్టం దేవదూత. తెల్లబట్టలు, అట్ట రెక్కలు వేసుకోగానే నోట గ్రాంథికం దానంతటదే వచ్చేస్తుంది. ఆ ఛాత్రోపాధ్యాయుడు వెలుగులో నిలబడి, హడిలిపోయిన గొల్లల వైపు చూసి, ‘జడవకండి’ అనగలగాలి. సెలవులయ్యాక బడిలో నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని బిగుసుకుపోయిన పిల్లవాడితో అతను అనాల్సిన మాట కూడా అదే.