ముప్పై అయిదు పౌన్ల బురుజు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండు సాహసాలనూ 1917లో, ఒకే ఏడాదిలో, యాభై దాటిన వయసులో తలకెత్తుకున్న కవి డబ్ల్యు. బి. యేట్స్. రవీంద్రుని ఇంగ్లీషు గీతాంజలికి ముందుమాట రాసినవాడిగా తెలుగు పాఠకులకు ఆయన పరిచితుడే. అప్పటికి ఆయనకు కీర్తి ఉంది, లండన్‌లో అద్దె గదులున్నాయి; సొంత ఇల్లంటూ లేదు. ఆయన కొన్నది కూడా ఇల్లు కాదు. ఐర్లండు పడమటి దిక్కున, గాల్వే ప్రాంతంలో, గోర్ట్ అనే చిన్న ఊరికి సమీపాన వాగు ఒడ్డున పాడుపడిన ఒక నార్మన్ రాతి బురుజు. వెల ముప్పై అయిదు పౌన్లు.

తెలంగాణ పల్లెల్లో పిచ్చిచెట్లు మొలిచి పగుళ్ళు బారిన బురుజులను చూసినవారికి ఈ కట్టడాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఒకే గది. గోడ మందం ఏడడుగులు. ఆ మందంలోనే మెలికలు తిరుగుతూ పైకి పోయే ఇరుకైన రాతిమెట్లు. పక్కన కుటీరం, ముందు పాత వంతెన. వాన నిలిపే పైకప్పు లేదు. ఒకప్పుడు గ్రెగరీ కుటుంబపు ఎస్టేటులో భాగమైన ఈ బురుజు, ఎస్టేటు భూములతో పాటు కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు చేతికి వచ్చింది. పడమటి ఐర్లండులోని పేద రైతుల స్థితి బాగుచేయడానికీ, వారికి భూములు పంచడానికీ ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అది. పొలాన్ని పంచవచ్చు, బురుజును ఎవరికని పంచుతారు? అందుకే ఆ వెల.

నిజానికి ఆ చోటు ఆయనకు కొత్తది కాదు. కొద్ది మైళ్ళ దూరంలో, కూల్ పార్కులో, ఆయన నేస్తం లేడీ గ్రెగరీ నివాసం. ఆమె అతిథిగా 1890లలోనే బాలీలీ చుట్టుపక్కల తిరిగి, అక్కడి ముసలివాళ్ళు చెప్పిన కథలను వ్యాసంగా రాశాడు. బాలీలీ నీటిమర రెండు చక్రాల నడుమ సర్వరోగాలకూ మందు ఉందని బిడ్డీ ఎర్లీ అనే నాటు వైద్యురాలు చెప్పేదట. అదేమిటో కనుక్కుందామని వెళ్ళాడాయన. ఆ ఊరి అందగత్తె మేరీ హైన్స్ మీద అంధకవి రాఫ్టరీ కట్టిన పాట కూడా ఆ తిరుగుళ్ళలోనే ఆయన చెవిన పడింది. కాబట్టి ఆ ముప్పై అయిదు పౌన్లూ రాళ్ళకు మాత్రమే ఇచ్చిన వెల కాదు. అయితే బిడ్డీ ఎర్లీ చెప్పిన మందు సంగతి మళ్ళీ గుర్తుచేసుకోవలసి వస్తుంది.

ఇల్లాలే ఇల్లు అని మనవాళ్ళు అంటారు గానీ యేట్స్ విషయంలో ఇల్లు ముందు కుదిరింది, ఇల్లాలు తరువాత. 1916లో మాడ్ గాన్‌ను అడిగాడు; ఆమె కాదన్నది. మరుసటి వేసవిలో ఆమె కుమార్తె ఇసూల్ట్‌ను అడిగాడు. ఆమె కూడా కాదన్నది. ఆ నిర్ణయంలోని ఔచిత్యం గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. అక్టోబరులో జార్జి హైడ్ లీస్‌ను పెళ్ళాడాడు. ఆమె వయసు అప్పుడు ఇరవై అయిదు. తాను చూడని, తాను ఎంచుకోని, పైకప్పు లేని ఒక శిథిలం ఆ విధంగా ఆమె కాపురానికి వచ్చింది.

ఆమె పేరు వినగానే విమర్శకులకు స్ఫురించేది పెళ్ళయిన కొద్ది రోజులకే మొదలైన అతీంద్రియ లేఖనం. దాని మీద గ్రంథాలే వెలువడ్డాయి. బురుజు పనుల కోసం ఆమె పడిన శ్రమకు మాత్రం చాలాకాలం ఎవరూ పెద్ద విలువ కట్టలేదు. ఆన్ సాడిల్‌మయర్ 2002లో ప్రచురించిన ఆమె జీవితచరిత్ర చదివినవారికి ఆ ఇంటి నిజమైన యజమాని ఎవరో బోధపడుతుంది. తనకంటూ కొంత సొంత ఆదాయం ఉన్న మనిషి. లెక్క తెలిసిన మనిషి. తరువాతి సంవత్సరాల్లో పడకగది పైకప్పుకు నీలమూ బంగారు వన్నెలూ వేసిందీ ఆమే.

పని మొదలయ్యేసరికి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కలప దొరకదు, దొరికినా కొనలేరు. అక్కడ యేట్స్ చేసిన పని ఏ పల్లెటూరి సంసారి అయినా మెచ్చుకునేది. ఒక పాత మరలోని సామగ్రినంతా గంపగుత్తగా కొనేశాడు. పెద్ద పెద్ద దూలాలు, మూడంగుళాల మందం పలకలు, నేలకు పరిచే పాత బండలు, అన్నీ అందులోనే వచ్చాయి. ఇనుప పని గోర్ట్ కొలిమిలో జరిగింది. తాపీమేస్త్రి రఫర్టీ స్థానికుడు. (పైన చెప్పిన అంధకవి రాఫ్టరీ వేరు, ఈ రఫర్టీ వేరు, బాలీలీ చరిత్ర చదివే ప్రతివారూ ఒకసారి తడబడే చోటు ఇది.) కవి ఊళ్ళో లేనప్పుడు మేస్త్రి పని మీద ఒక కన్ను వేసి ఉంచింది లేడీ గ్రెగరీ. ముందు కుటీరాన్ని నివాసయోగ్యం చేసుకుని, తరువాత బురుజు జోలికి వెళ్ళారు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి తగిన క్రమమే అది.

నమూనాలు గీసినవాడు విలియం స్కాట్ అనే వాస్తుశిల్పి. మంచాలూ బల్లలూ ఎంత భారీగా ఊహించాడంటే, అవి ఆ మెలిక మెట్ల గుండా ఎక్కవు. అందువల్ల వడ్రంగిని గదిలోనే కూర్చోబెట్టి, గదిలోనే చేయించారు. చేసినవి మళ్ళీ బయటకు రావు. ఏటవాలుగా లేచి, పలకరాతి పెంకులతో మెరిసే పైకప్పు కూడా స్కాట్ ఊహల్లో ఉంది. అది కాగితం మీదే ఉండిపోయింది. 1920లో యేట్స్ అమెరికాలో ఉపన్యాసయాత్ర చేశాడు. బురుజుకు కప్పు సంపాదించుకోవాలన్నది ఆ యాత్ర వెనుక ఉన్న ఆశల్లో ఒకటి. ఊరూరా కవిత్వం గురించి మాట్లాడి, వచ్చిన సొమ్ముతో ఇంటిమీద కప్పు వేసుకోవాలనుకోవడంలో ఏదో మనకు బాగా తెలిసిన దైన్యం కనిపిస్తుంది. చివరికి దక్కింది సాదా చదును కప్పు. అన్నిటికన్నా పై గది ఆయన ఉన్నంతకాలం పూర్తికాలేదు. 1923లో నోబెల్ బహుమతి వచ్చింది; అప్పటికీ కాలేదు.

1919 వేసవిలో కొన్ని నెలల పసిపాపతో ఆ ఇంట్లోకి చేరారు. కరెంటు లేదు, కుళాయి లేదు. వాగు గలగల కవికి సంగీతం కావచ్చు. గోడకు అది నెమ్ము. తెలుగులో గోడకు పట్టేదీ నెమ్మే, రొమ్ముకు పట్టేదీ నెమ్మే. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలిచిన పల్లెజనం రోగనిదానం సామాన్యమైనది కాదు. 1927 శరత్తులో యేట్స్ ఊపిరితిత్తులకు నెమ్ము చేరి మంచం పట్టాడు. ఎండ కోసం స్పెయిన్‌కూ, అక్కడి నుంచి ఫ్రాన్సుకూ, ఇటలీకీ తరలవలసి వచ్చింది. బురుజే ఆ జబ్బుకు కారణమని తీర్మానించడం వైద్యం కాదు. వేసవుల్లో మాత్రమే ఉన్నారక్కడ. కాని అరవై దాటిన, ఛాతీ బలహీనమైన మనిషిని ఏడడుగుల తడి గోడల నడుమ కాపురముండమని ఏ వైద్యుడూ సలహా ఇవ్వడు. సర్వరోగాల మందు మర చక్రాల మధ్య ఉందన్న ఊళ్ళోనే, మందు పనిచేయలేదు. 1929 తరువాత ఆ కుటుంబం అక్కడికి కాపురానికి వెళ్ళలేదు.

ఇక అంతర్యుద్ధం. 1922 ఆగస్టులో ఒక రాత్రి రిపబ్లికన్ సాయుధులు తలుపు తట్టారు. వంతెన పేల్చబోతున్నాం, పై అంతస్తుకు వెళ్ళండి అని మర్యాదగా హెచ్చరించి మరీ పేల్చారు. అంతవరకూ సున్నమూ రాయీ లెక్కగా ఉన్న ఇల్లు ఆ రాత్రితో మరొకటయింది. ఆ వేసవి నుంచి పుట్టిన దీర్ఘకవిత, దాని చుట్టూ చేరిన మరికొన్ని, 1928లో ‘ది టవర్’ అనే సంపుటిగా వెలువడ్డాయి. నీటిలో నీడ పడిన బాలీలీ బురుజు దాని అట్టమీద బొమ్మ. ఖర్చు లెక్క కట్టేవారు ఈ పుస్తకాన్ని ఏ పద్దులో వేస్తారో తెలియదు గానీ, పూర్తికాని ఆ ఇల్లు లేకపోతే ఇది ఈ రూపంలో ఉండేది కాదు.

ఈ ఇంటికోసం యేట్స్ ఒక చిన్న శిలాశాసనం కూడా రాసుకున్నాడు. మర పలకలు, పలకరాతి పెంకులు, గోర్ట్ కొలిమి, అన్నీ పేరుపేరునా అందులో ఉన్నాయి. సగం కవిత, సగం సరుకుల చిట్టా. ఇంటిని బాగుచేసింది భార్య జార్జ్ కోసమని చెప్పుకున్నాడు. ఇదంతా మళ్ళీ శిథిలమవుతుందన్న ఎరుకా అందులోనే ఉంది. మన శాసనాలు కొన్నిటి చివర చెక్కిన ఓజు పేరైనా మిగులుతుంది. ఇక్కడ రఫర్టీ పేరు లేదు. అదొక వెలితి. ఆ రాయి గోడలోకి చేరేసరికి కవి లేడు.

శాసనంలో చెప్పినంతా జరిగింది. ఇల్లు మళ్ళీ పాడుబడింది. విచిత్రమేమంటే, ఎవరూ పడిపోతుందనుకోని కూల్ పార్కు భవనం ప్రభుత్వ అటవీశాఖ చేతికి పోయి, లేడీ గ్రెగరీ మరణించిన తొమ్మిదేళ్ళకు, 1941లో నేలమట్టమైంది. బురుజు నిలిచింది. కవి శతజయంతి ఏట, 1965లో, కిల్టార్టన్ సొసైటీ వారు బాగుచేయించి తెరిచారు. 2009లో వాగు పొంగి కింది అంతస్తును ముంచెత్తగా మూతపడింది. స్థానికులు పూనుకుని 2015లో, నూట యాభయ్యవ జయంతికి, మళ్ళీ తెరిచారు. యేట్స్ కుటుంబం లాగే సందర్శకులు కూడా అక్కడికి వేసవిలోనే వెళతారు.