చోటు

నగరి వీధులలో మరమగ్గాల చప్పుడు నడుమ నా పూర్వ విద్యార్థిని ఒకామె తన ఇంటి ముందుగదిలో కలంకారీ దుకాణం నడుపుతున్నది. పని శ్రీకాళహస్తిలో నేర్చింది. కరక్కాయల కషాయం, పాలు పట్టించిన బట్టపై వెదురు కలంతో గీత. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన నలుపు. పటిక పట్టి నిలిపిన ఎరుపు. ఒక్క చీరకు వారాలు పడతాయి.

అయినా ధర వినగానే జనం వెనుదిరిగేవారు. గదిలో అడుగుపెట్టగానే కారణం బోధపడింది. ఆమె చేతిపనిని ఆనుకొనే యంత్రంపై అచ్చువేసిన కలంకారీ చీరలు, పూసల దండలు, ప్లాస్టిక్ పూలు! శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాని రెండింటినీ పక్కపక్కన పరిస్తే ఆ భేదం కంటికి ఎవరు చెప్పాలి?

11వ శతాబ్దంలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. ఎంత మంచి నగైనా చోటు తప్పితే నవ్వులపాలే.

“అచ్చు చీరలు తీసెయ్యమ్మా” అన్నాను.

“ఇల్లు గడిచేది వాటితోనే సార్!”

అలంకారశాస్త్రంలో దీనికి సమాధానం లేదు. దారి ఆమే చూసుకున్నది. అచ్చు చీరలు లోపలి అల్మరాలోకి వెళ్ళాయి, అడిగినవారికే చూపుతుంది. పూసలు, పూలు పోయాయి. ఎదుటి గోడపై ఒకే ఒక చేతి చీర, దాని కింద పళ్ళెంలో కలమూ కరక్కాయలూ మిగిలాయి.

మొదటి నెల రాబడి తగ్గింది. మరుసటి నెల పుత్తూరు నుండి వచ్చిన దంపతులు ఆ గోడ ముందు చాలాసేపు నిలిచారు. ధర అడగలేదు. ఈ నలుపు దేనితో చేశారని అడిగారు.