కౌంటు బాగానే ఉంది, నెత్తురెందుకు ఆగదు?

డెంగ్యూ పుణ్యమా అని ఇవాళ మన ఇళ్లలో ప్లేట్‌లెట్ల లెక్క తెలియనివారు లేరు. ఆస్పత్రి వరండాలో "మావాడికి లక్షన్నర, మీవాడికెంత?" అని కూరగాయల ధరలు చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ ఉంటారు. లెక్క బాగుంటే అంతా బాగున్నట్టే అని రోగులే కాదు, డాక్టర్లూ పొరబడతారు. నేనూ పొరబడ్డాను. ఆ సంగతే ఈ వారం చెబుతాను.

12 ఏళ్ల కిందట, డెంగ్యూ రోజుల్లో, 8 ఏళ్ల పాపను తల్లి నా ఓ.పి.కి తీసుకొచ్చింది. ముక్కు వెంట నెత్తురు 4 గంటలుగా ఆగలేదు. కౌంటు చేయించాను. 2,70,000. "డెంగ్యూ కాదమ్మా, భయపడకు" అని ముక్కులో గాజుగుడ్డ పెట్టి, నెత్తురు ఆగాక విటమిన్ బిళ్లలు రాసి పంపేశాను. కాళ్లమీద కమిలిన మచ్చలు కూడా చూశాను. ఆడుకునే పిల్ల కదా, తగిలించుకుని ఉంటుందిలే అనుకున్నాను. వెంట వచ్చిన ముసలమ్మ "వేడి చేసింది బాబూ, సబ్జా నీళ్లు పడితే సరి" అంది. ఆవిడ వైద్యానికీ నా వైద్యానికీ ఆ రోజు పెద్ద తేడా లేదు.

నాలుగేళ్ల తర్వాత అదే పిల్లను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. పెద్దమనిషి అయి 18 రోజులైనా రక్తస్రావం ఆగలేదు. హిమోగ్లోబిన్ 4 గ్రాములు. కౌంటు మాత్రం మళ్లీ మామూలే! రక్తం ఎక్కించి, మెడికల్ కాలేజీ ఆస్పత్రికి ఫోను చేశాను. అక్కడి పెద్ద డాక్టరుగారు ఒకే ప్రశ్న అడిగారు: "వేలికొసన గుచ్చి, ఆ చుక్కను గాజు పలకమీద పూసి చూశావా? ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా?"

చూడలేదు. అవి ఎన్ని ఉన్నాయని అడిగానే గాని, ఏం చేస్తున్నాయని అడగలేదు.

ఆ పిల్ల జబ్బు పేరు గ్లాంజ్‌మన్ థ్రాంబస్థీనియా. 1918లో స్విట్జర్లాండు పిల్లల డాక్టరు గ్లాంజ్‌మన్ మొదట వర్ణించాడు. పేరు నోరు తిరగకపోయినా విషయం సులువే. జాతరలో తప్పిపోకుండా ఇద్దరు పిల్లలు ఒకే కండువాను చెరో కొసా పట్టుకుంటారు చూడండి, గాయమైనచోట ప్లేట్‌లెట్లు చేసేది అదే. రక్తంలో ఉండే ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తి ఆ కండువా. దాన్ని పట్టుకునే చెయ్యి ప్లేట్‌లెట్ ఒంటిమీద ఉంటుంది. ఒకటి కాదు, ఇంచుమించు 80,000 చేతులు! మామూలు వేళల్లో ఇవి ముడుచుకుని ఉంటాయి. లేకపోతే నరాల్లో పారే రక్తం ఎక్కడికక్కడే గడ్డ కట్టేది. గాయం కబురు అందగానే చెయ్యి చాపి కండువాను అందుకుంటాయి. అలా ఒకదానికొకటి పెనవేసుకుని గండి పూడుస్తాయి.

ఈ చెయ్యి రెండు ముక్కల జత, ఆల్ఫా ఒకటి, బీటా ఒకటి. ఒక్కోదానికి ఒక్కో జన్యువు. రెండూ 17వ క్రోమోజోము మీదే ఉన్నాయి. ఆల్ఫా జన్యువులోని రాత 30 ముక్కలుగా తెగి ఉంటుంది. కణం వాటిని కుట్టి చదువుకుంటుంది. ముక్కలు రెండూ కణం లోపలే జతకట్టి బయటికి రావాలి. జత దొరకని ముక్కను కణమే నాశనం చేస్తుంది. అందుకే రెండు జన్యువుల్లో ఏ ఒక్కదాంట్లో పెద్ద తప్పు దొర్లినా చెయ్యే మొలవదు. పిల్లలు జాతరకు వచ్చారు, కండువాలూ ఉన్నాయి, పట్టుకునే చేతులే లేవు.

తమాషా ఏమిటంటే, ఈ పిల్లకు లేని ఈ చేతినే గుండెజబ్బు డాక్టర్లు అవసరమైన రోగికి కొన్ని గంటలపాటు కావాలని కట్టేస్తారు, గుండె రక్తనాళంలో గడ్డ పెరగకుండా. అందుకు వాడే ఎప్టిఫిబటైడ్ అనే మందు, తోక గలగలలాడించే అమెరికా పాము విషంలోని పదార్థం నమూనాగా తయారైంది.

జబ్బు పేరు తేలాక ఇంట్లో గొడవ మొదలైంది. "మా వంశంలో ఈ రోగం లేదు, కోడలే తెచ్చింది" అంది ముసలమ్మ. ఆ కోడలు స్వయానా ఆవిడ కూతురి కూతురు! మేనమామకిచ్చి చేశారు. "అమ్మా, కోడలిదీ మీ నెత్తురే కదా" అంటే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తల్లికీ తండ్రికీ అదే జన్యువు ఒక్కో ప్రతి చెడింది. ఒక్క ప్రతి చెడితే చేతులు సగమే ఉంటాయి గాని, ఆ సగంతోనే పని జరిగిపోతుంది, మనిషికి తెలియనే తెలియదు. ఇద్దరి చెడ్డ ప్రతులూ బిడ్డకే చేరితేనే జబ్బు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక పాలు అవకాశం. మేనరికంలో ఒకే చెడ్డ ప్రతి రెండు వైపులనుంచీ వచ్చే వీలు ఎక్కువ.

ఇలాంటి పిల్లలుంటే ఏం చెయ్యాలి? ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇంట్లోకి రానివ్వకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. తుంటికి ఇంజక్షను పొడిపించకండి. టీకాలు మాత్రం మానకండి. సంగతి ముందే చెబితే సన్నసూదితో వేసి, ఆ చోటు కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకుంటారు. పన్ను పీకించే ముందు డాక్టరుకు చెప్పాలి. ముక్కు వెంట నెత్తురొస్తే తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంగి కూర్చుని, ముక్కు మెత్తని భాగం 10, 15 నిమిషాలు వదలకుండా నొక్కి, నోటితో గాలి పీల్చాలి. ఆగకపోతే ఆస్పత్రికే. ట్రానెక్సామిక్ యాసిడ్, నెలసరికి హార్మోను బిళ్లలు, ఐరన్, అన్నీ డాక్టరు చెప్పినట్టే. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆగుతుంది గాని, అస్తమానం ఎక్కిస్తే ఒళ్లు వాటికి ఎదురుతిరగవచ్చు. అందుకే ప్రమాదవేళకు దాచుకుంటాం.

ఆ పిల్లకిప్పుడు 20 ఏళ్లు. డిగ్రీ చదువుతోంది. మొన్న వచ్చి, "మేనత్త కొడుక్కి చేస్తామంటున్నారు సార్, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. అతనిలో కూడా చెడ్డ ప్రతి ఉంటే ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం; లేకపోతే పిల్లలకు జబ్బు రాదు, మోసేవాళ్లవుతారంతే. తన కాన్పు మాత్రం ఎవరిని చేసుకున్నా పెద్దాస్పత్రిలోనే జరగాలి. ఇవే చెప్పాను. అంతా విని, "బావ బయటే ఉన్నాడు సార్, రక్తం ఇస్తానన్నాడు" అంది.