మందును ప్రశ్నించిన వైద్యుడు

ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ రచించిన ‘ఎ సైంటిస్ట్ ఇన్ వండర్‌ల్యాండ్’ 2015లో వెలువడిన ఆత్మకథ. ఆయన 1948లో జర్మనీలో జన్మించాడు. వైద్యుడైన తొలి రోజులలో పనిచేసినది మ్యూనిక్ నగరంలోని ఒక హోమియో ఆసుపత్రిలోనే. కనుక ఆయనను పుట్టువిరోధి అనడానికి వీలులేదు. తరువాత వియన్నాలో ఉన్నత పదవిని వదులుకొని, 1993లో ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయంలో ప్రత్యామ్నాయ వైద్య పరిశోధనకై నెలకొల్పిన పీఠానికి తొలి ఆచార్యుడైనాడు.

ఆయన పద్ధతి సులభమైనది, కాని నిర్దాక్షిణ్యమైనది. దెబ్బలకు, కములుకు ఆర్నికా మాత్రలు దివ్యౌషధమని ప్రతీతి. మణికట్టు శస్త్రచికిత్స చేయించుకొన్న 64 మందిలో కొందరికి ఆ మాత్రలు, కొందరికి అదే రూపంలోని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది అందినదో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. నొప్పిలో గాని, కములులో గాని చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. 2003లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. అలాగని ఆయన అన్నింటినీ తోసిపుచ్చలేదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక స్వల్ప మనోవ్యాకులతకు ఉపకరిస్తుందని అంగీకరించాడు. అది ఇతర ఔషధాల శక్తిని తగ్గించగలదని హెచ్చరించాడు కూడా.

2005లో, నాడు యువరాజైన ఛార్లెస్ ప్రోద్బలంతో తయారైన ఒక నివేదికను ఆయన పత్రికాముఖంగా విమర్శించాడు. యువరాజు కార్యదర్శి నుండి విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు వెళ్ళింది. పదమూడు నెలల విచారణ! అది ఆయన లెక్కల మీద కాదు, రహస్యభంగం మీద. దోషి కాదని తేలినా, పరిశోధనకు నిధులు కరవై 2011లో పదవీ విరమణ చేశాడు. పుస్తకంలో నన్ను ఎక్కువసేపు నిలిపివేసిన ఘట్టమిది.

ఈ తత్త్వం మనకు పరాయిది కాదు. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ రెండవ గ్రంథంలో మందుల పరీక్షకు నియమాలు విధించాడు. సింహం మీదనో గుర్రం మీదనో పనిచేసినది మనిషి మీద పనిచేస్తుందన్న హామీ లేదు. ఫలితం పదేపదే కనిపించాలి, లేనిచో అది కాకతాళీయం కావచ్చును.

మా వీధిలో ఒక పెద్దాయన ఇన్సులిన్ మానివేసి ఏవో పొడులు సేవించేవారు. “బేటా, హకీం సాబ్ మందునే శంకిస్తావా?” అని కోపగించారు. ఎర్న్‌స్ట్ పేరు చెబితే వినేవారు కారు; ఇబ్న్ సీనా పేరు చెప్పాను. గత మాసం నుండి మళ్ళీ సూది వేయించుకొంటున్నారు. పొడి మాత్రం మానలేదు.