నా పేరు మీదున్న లారీ

లారీ నా పేరు మీదే ఉంది. కొన్నప్పుడు మా ఆయన "నీ పేరున పెడదాం, కలిసొస్తుంది" అన్నారు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. ఎందుకని అడగలేదు. ఆయన పోయి రెండేళ్లయింది. మిగిలిన కిస్తీలు ఇప్పుడు నేనే కడుతున్నాను.

పోయిన ఎండాకాలం బేతంచర్ల బండలేసుకుని చిత్తూరు వైపు బయల్దేరిన లారీ ఆళ్లగడ్డ దగ్గర ఆగిపోయింది. డ్రైవరు ఫోను చేశాడు. "హీటు ముల్లు పైకి పోయిందమ్మా. రేడియేటర్ కారిపోతాంది. అందుకే ఆపేసినా."

నంద్యాలలో బస్సెక్కి వెళ్లాను. నేను పోయేసరికి షెడ్డులో మెకానిక్ రేడియేటర్ విప్పి పెట్టాడు. డ్రైవరు వెంటనే ఆపాడు కాబట్టి సరిపోయిందనీ, ఇంకాసేపు నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోయేదనీ చెప్పాడు. పై ట్యాంకు ఊడదీసి లోపల చూపించాడు. సన్నటి గొట్టాలు సగానికి సగం తెల్లగా పూడిపోయాయి. రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున నేను గీకే గారే అది. మా వైపు బోరు నీళ్లలో సున్నమెక్కువ. మా లారీ మోసే బండలూ సున్నపురాయే.

మా బండికి సరిపోయే రేడియేటర్ ఆళ్లగడ్డలో దొరకలేదు. పాతదాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని నేనూ డ్రైవరూ నంద్యాల వచ్చాం. షాపాయన నన్ను దాటి డ్రైవరును చూసి "ఓనరుకు ఫోన్ కలుపు" అన్నాడు. ఓనరమ్మ ఈమేనని డ్రైవరు చెబితే, "మగోళ్లెవరన్నా వస్తే మాట్లాడుకుందాం లేమ్మా, ఇవి మీకు తెలీవు" అన్నాడు. తెలియదన్న మాట నిజమే. తెలిసే అవకాశం ఎక్కడ దొరికింది? స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాను.

ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రకం తేలిక, ధర కూడా తక్కువ. రాగి, ఇత్తడిది బరువు, ధర ఎక్కువ. టేపు అడిగి తీసుకుని పాతదాన్ని కొలిచాను. పొడవు, వెడల్పు, పైపులుండే చోటు, బోల్టుల రంధ్రాలు అన్నీ రెండింటికీ కలిశాయి. మందం దగ్గర మాత్రం తక్కువ ధరది పాతదానికంటే పలచగా ఉంది. బండల లోడుతో ఎండలో నడిచే బండికి అది చాలుతుందా అని అడిగితే షాపాయన నసిగాడు.

డ్రైవరు వైపు తిరిగి "నువ్వేమంటావు?" అన్నాను. ఆ మాట అతన్ని నేను అడగడం అదే మొదటిసారి.

"రాగిదైతే దారిలో యాడన్నా మాటేయించుకోవచ్చమ్మా. ప్లాస్టిక్‌ది పగిలితే బండి రోడ్డు మీదే." కాసేపాగి మెల్లగా అన్నాడు. "కూలెంటుకు డబ్బులడిగితే నీళ్లే కదా అన్నారు. అందుకే బోరు నీళ్లు పోసినా."

అన్నాను, నిజమే. నెలనెలా ఖర్చు తగ్గించుకుంటూ దాన్ని పొదుపనుకున్నాను. షాపాయన నన్ను లెక్కచేయలేదని అంతసేపూ ఉడికిపోతున్నానే, ఎండలో ఆ బండి నడిపే మనిషి మాటను నేను లెక్కచేశానా? ఆడదాన్ని కాబట్టి నా మాట వాళ్లు వినలేదు. ఓనరును కాబట్టి అతని మాట నేను వినలేదు.

రాగిదే తీసుకున్నాం. మరుసటి రోజు ఆళ్లగడ్డలో బిగిస్తుంటే పక్కనే నిలబడి చూశాను. కింద కొత్త రబ్బరు బుష్షులు, కొత్త హోస్ పైపులు, క్లిప్పులు వేశారు. థర్మోస్టాట్ తెరుచుకుంటుందో లేదో మరిగే నీళ్లలో వేసి చూశారు. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశారు. మూత తీసే ఉంచి ఇంజను నడిపి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఆగి, తగ్గినంతా మళ్లీ నింపారు. హీటు ముల్లు మధ్యలో నిలబడింది.

లారీ లెక్కల పుస్తకంలో ఇప్పుడు కూలెంటుకొక గడి గీశాను. దాని పక్కన ఇంకో గడి ఉంది. ట్రిప్పు నుంచి వచ్చాక బండి గురించి డ్రైవరు చెప్పింది అందులో రాస్తాను.